తానీషా రసీదు, ఖాజీగారి రాజీనామా

మా ఖమ్మం వాళ్ళకి రామదాసు కథ కొత్తగా చెప్పక్కర్లేదు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడు. గోల్కొండ తానీషా పన్నెండేళ్ళు ఖైదులో పెట్టాడు. చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు కట్టి విడిపించారు. ఈ కథని జనం రెండు రకాలుగా వాడుకోవడం చూశాను. "ముస్లిం రాజు హిందూ భక్తుణ్ణి హింసించాడు" అని ఒకరు, "ముత్యాల తలంబ్రాలు మొదలుపెట్టింది ఆ తానీషానే కదా" అని ఇంకొకరు. రెండు మాటల వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఇస్లాంలో మతం, ప్రభుత్వం విడదీయలేనివా? చాలామంది "అవును" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాస్త చదివాక నాకు అది అంత తేలిగ్గా అనిపించలేదు.

ముందు కథనే చూడండి. గోపన్న మీద నేరం గుడి కట్టాడని కాదు, ఖజానా సొమ్ము అడక్కుండా వాడాడని. (మన క్లాసు భాషలో, పర్మిషన్ లేకుండా ప్రొడక్షన్ డేటాబేస్‌లో చెయ్యి పెట్టాడు.) రాముడు కూడా బాకీ కట్టి రసీదు తీసుకునే కథ ఇది! జనం దీన్ని మతయుద్ధంగా కాదు, లెక్క తీరిన బాకీగా గుర్తుపెట్టుకున్నారు.

ఇక చరిత్ర. తానీషా అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. 1672 నుంచి 1687 దాకా ఏలాడు. వంశం షియా, తను మాత్రం షా రాజు అనే సూఫీ గురువుకి శిష్యుడు. పాలన మొత్తాన్ని మాదన్న అనే బ్రాహ్మణుడి చేతిలో పెట్టాడు, ఆయన సోదరుడు అక్కన్నకీ పెద్ద పదవి ఇచ్చాడు. గోపన్న వీళ్ళ మేనల్లుడని చెప్తారు. మరి షరియత్ సంగతి? దీనికి జవాబు 14వ శతాబ్దంలోనే ఢిల్లీలో జియాఉద్దీన్ బరనీ రాసిపెట్టాడు: షరియత్ వేరు, రాజ్యం నడపడానికి రాజు చేసుకునే చట్టాలు వేరు, వాటిని జవాబిత్ అంటారు. బరనీకి హిందువులంటే అస్సలు పడదు. అలాంటివాడే ఈ తేడా ఒప్పుకున్నాడంటే ఆ మాటకి విలువ ఎక్కువని నా ఉద్దేశం.

ఖుత్బా సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. శుక్రవారం మసీదులో చేసే ఈ ప్రసంగంలో ఎవరి పేరు చదివితే వాళ్ళే రాజు. గోల్కొండలో షియా ఇమాముల పేర్లు, ఇరాన్ షా పేరు చదివేవారు. 1636లో షాజహాన్ ఒత్తిడి పెట్టి వాటిని తీసేయించి, నలుగురు ఖలీఫాల పేర్లు, తన పేరు చేర్పించాడు. చదివేది మసీదులో, ఏం చదవాలో చెప్పేది మొఘల్ సైన్యం. ఇక్కడ ఎవరు ఎవరిని నడిపినట్టు?

తర్వాత ఔరంగజేబు వచ్చాడు. గోల్కొండ మీద ఆయన చెప్పిన ఫిర్యాదుల్లో అధికారమంతా బ్రాహ్మణులకి ఇచ్చారన్నది ఒకటి. కప్పం బాకీ, మరాఠాలతో స్నేహం కూడా లెక్కలో ఉన్నాయనుకోండి. బీజాపూర్, గోల్కొండల మీద యుద్ధం ధర్మమేనా అని తన ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాంని అడిగాడు. తోటి ముస్లింల మీద యుద్ధం, కుదరదు అన్నాడాయన. పదవి వదిలేసి మక్కా వెళ్ళిపోయాడు. యుద్ధం మాత్రం ఆగలేదు. 1686లో అక్కన్న, మాదన్నలని గోల్కొండలోనే చంపేశారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయింది. తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించారు, అక్కడే పోయాడు. ఇద్దరు ముస్లిం రాజులు, మధ్యలో ఒక ఖాజీ, ముగ్గురివీ మూడు దారులు. ఇందులో "ఇస్లాం అభిప్రాయం" ఏది? నన్నడిగితే ముగ్గురిలో మతాన్ని నిజంగా సీరియస్‌గా తీసుకున్నది ఆ రాజీనామా చేసిన మనిషే.

ఈ వాదన ఆధునిక కాలంలోనూ తెగలేదు. 1924లో టర్కీ ఖిలాఫత్‌ని రద్దు చేసింది. మరుసటి ఏడాదే ఈజిప్టులో అలీ అబ్దుల్ రాజిఖ్ అనే షరియత్ కోర్టు జడ్జి, ప్రవక్త పని మతబోధేననీ, ప్రభుత్వం ఫలానా రూపంలో ఉండాలని ఖురాన్ చెప్పలేదనీ పుస్తకం రాశాడు. అల్ అజహర్ పండితులు ఆయన పట్టా లాగేసుకున్నారు, ఉద్యోగం కూడా పోయింది. దీనికి సరిగ్గా ఎదురు వాదన చేసిన మౌదూదీ పుట్టింది నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో, 1903లో. సార్వభౌమాధికారం అల్లాహ్‌దే, కాబట్టి రాజ్యం ఆయన చట్టానికి లోబడాలి అన్నాడు. అదే కాలంలో దేవబంద్ పండితుడు హుసేన్ అహ్మద్ మదనీ, వేరే మతాలవాళ్ళతో కలిసి ఒకే జాతిగా ఉండటానికి ఇస్లాం అడ్డురాదని 1938లో రాశాడు. ఇద్దరూ ఖురాన్ బాగా చదివినవాళ్ళే.

మళ్ళీ భద్రాచలం. 1860లో ఈ తాలూకా నిజాం చేతిలోంచి బ్రిటిష్ వాళ్ళకి పోయింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకొచ్చింది. 2014లో ఊరు తెలంగాణలో ఉండిపోయింది, చుట్టుపక్కల అడవి మండలాలు ఆంధ్రకి వెళ్ళాయి. ఇన్ని ప్రభుత్వాలు మారినా శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు రాజ్యం తరఫునే వెళ్ళాలనే ఆచారం ఉంది. ఇప్పుడు పట్టువస్త్రాలతో పాటు రాష్ట్ర ప్రభుత్వమే సమర్పిస్తుంది. గుడిని చూసేది దేవాదాయ శాఖ, మసీదు ఆస్తులని చూసేది వక్ఫ్ బోర్డు. "వాళ్ళ మతంలో ప్రభుత్వాన్ని విడదీయరు" అని తేల్చేసే మిత్రులు, మిథిలా ప్రాంగణంలో ఆ తలంబ్రాల పళ్ళెం ఎవరు మోస్తున్నారో ఈసారి టీవీలో చూసి, ఆ ఆచారం ఎవరి పేరుతో మొదలైందో కూడా పక్కవాళ్ళకి చెప్పండి.