తేనె సీసా తప్ప అన్నీ సర్దుకున్నాం

ఈ వారం వీడియోలో ఉత్తర కథ చెప్పుకున్నాం కదా. అశ్వత్థామ వేసిన అస్త్రం తరుముకొస్తుంటే ఆవిడ పరుగున వెళ్లి కృష్ణుడి కాళ్ల మీద పడింది. తాను కాలిపోయినా ఫర్వాలేదు, కడుపులో బిడ్డ దక్కితే చాలంది. భాగవతం ప్రథమ స్కంధంలో ఉంటుందీ ఘట్టం. నెలలు నిండుతున్నప్పుడు నేను రోజూ వినేదాన్ని. వినడం అయ్యాక లేచి హాస్పిటల్ బ్యాగ్ సర్దుకునేదాన్ని. రెండూ చెయ్యాలి మరి.

37 వారాలు నిండకముందే కూడా నొప్పులు రావచ్చు. అందుకే 35వ వారానికల్లా బ్యాగ్ తలుపు పక్కన ఉండాలని పట్టుబట్టాను.

అందులో మొదట పెట్టాల్సింది బట్టలు కాదు, ఫైలు. మనలో చాలామందికి తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. నేను హైదరాబాద్‌లో చూపించుకుంటూ ఎనిమిదో నెలలో విజయవాడ వెళ్లాను. అక్కడి డాక్టర్‌కి నా గురించి తెలిసేది ఆ కాగితాల వల్లే. నాది ఓ నెగటివ్, మా ఆయనది పాజిటివ్. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజక్షన్ పడాలి. లేదంటే తర్వాతి కాన్పులో తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు బిడ్డ రక్తకణాల మీద దాడి చేసే ప్రమాదం ఉంది. అందుకే బ్లడ్ గ్రూప్ రిపోర్టు అన్నిటికన్నా పైన పెట్టాను. స్కానింగ్ రిపోర్టులు, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు దాని వెనకాల. అన్నిటికీ ఫొటోలు తీసి మా ఆయన ఫోన్లో, అమ్మ ఫోన్లో కూడా వేశాను. బ్యాకప్ లేకపోతే సాఫ్ట్‌వేర్ వాళ్లకి నిద్ర పట్టదు!

పుట్టకముందే కొత్త బట్టలు కొనకూడదని ఇంట్లో పట్టింపు. మొదట చిరాకేసింది. కానీ అమ్మ మా పిన్ని మనవడివి పాత జుబ్బాలు తెచ్చి, ఉతికి, ఎండలో ఆరేసింది. మెత్తబడిన కాటన్ చీర చింపి పొత్తిళ్లు చేసింది. పసి ఒంటికి అంతకన్నా మెత్తనిది ఏ షాపులో దొరుకుతుంది? నాకోసం ముందు బొత్తాలున్న నైటీలు, మెటర్నిటీ ప్యాడ్లు, ఫ్లాస్కు, పొడుగు వైరున్న ఛార్జరు. అంతే.

ఇంకో సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. ఆపరేషన్ అవసరమైతే లోహపు నగలన్నీ తీయించేస్తారు. థియేటర్లో కరెంటుతో పనిచేసే పరికరాలు వాడతారు కాబట్టి చర్మం కాలే ప్రమాదం ఉంటుంది. మంగళసూత్రమైనా తియ్యాల్సిందే. ఆ క్షణంలో అత్తయ్య బాధపడకూడదని పసుపుకొమ్ము కట్టిన తాడొకటి ముందే బ్యాగులో వేశాను.

అసలు గొడవ తేనె దగ్గర వచ్చింది. అమ్మమ్మ చిన్న సీసా తెచ్చి పొత్తిళ్ల మధ్య దాచింది. నేను బయటికి తీశాను. మర్నాడు చూస్తే మళ్లీ అక్కడే ఉంది.

"మీ అమ్మా, నువ్వూ ఈ తేనె నాకే పెరిగారే" అంది.

తేనెలో ఒకరకం బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మనల్ని ఏమీ చెయ్యవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి విషం తయారుచెయ్యగలవు. కండరాలు సడలిపోయి ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. దాన్నే బోటులిజం అంటారు. అరుదే, కానీ ఆ అరుదైనది మన బిడ్డకే వస్తే? పైగా పుట్టిన గంటలోపు తల్లిపాలే పట్టాలి, వాటికి ముందు ఇంకేదీ వద్దు. ఇదంతా చెప్పాను. అమ్మమ్మ విన్నది కానీ మొహం ముడుచుకుంది. జాతకర్మ అనేది మన సంస్కారం కాదా అన్నది ఆవిడ బాధ. అది నిజమే, తేనె, నెయ్యి నాకించడం అందులో ఉంది. అయితే బృహదారణ్యకోపనిషత్తు ఆరో అధ్యాయం తీసి చూస్తే, బిడ్డ కుడిచెవిలో 'వాక్' అని మూడుసార్లు చెప్పడం కూడా అక్కడే కనిపించింది. అది చదివి వినిపించాను.

"అయితే అది మాత్రం మానకండి" అని సీసా తనే తీసుకెళ్లింది.

38వ వారంలో రాత్రి రెండింటికి ఉమ్మనీరు పోయింది. అయిదు నిమిషాల్లో బయల్దేరాం. విష్ణుసహస్రనామం ఫోన్లో దించుకున్నాను కానీ ఫోన్ బయటే ఉంచమన్నారు. ఏ స్తోత్రమూ గుర్తు రాలేదు. నోటికొచ్చింది 'కృష్ణా' ఒక్కటే. పాప బ్లడ్ గ్రూప్ పాజిటివ్ వచ్చింది, మర్నాడే నాకు ఇంజక్షన్ వేశారు. వాళ్ల నాన్న చెవిలో మూడుసార్లు చెప్పారు, మూడోసారికి గొంతు పూడుకుపోయింది.

పాపకి ఇప్పుడు ఎనిమిది నెలలు. ఆ తేనె సీసా దేవుడి గదిలో ఉంది. దాని మీద అమ్మమ్మ పాప మొదటి పుట్టినరోజు తారీఖు రాసి కాగితం అంటించింది.