కారు ఆగుతుంది, కుక్క ఆగదు

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారులో, వెనక సీటు మీద 20 కిలోల కుక్క కూర్చుని ఉందనుకుందాం. కారుతోపాటు అది కూడా సెకనుకు దాదాపు 14 మీటర్ల వేగంతో కదులుతోంది. కారు దేన్నైనా గుద్దుకుని ఆగిపోతే, జడత్వం వల్ల కుక్క అదే వేగంతో ముందుకు దూసుకుపోతుంది. ఆ తాకిడి సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడటంతో సమానం. దెబ్బ కుక్కకే కాదు, ముందు సీట్లో ఉన్నవారికీ తగులుతుంది.

మరి కట్టేస్తే సరిపోతుందా? ఎక్కడ కట్టామన్నదే ముఖ్యం. కారు ముందు భాగం నలిగి, అర మీటరు దూరంలో ఆగిందనుకుందాం. దాంతోపాటే కుక్కనూ ఆపాలంటే దాని బరువుకు 20 రెట్ల బలం, అంటే దాదాపు 400 కిలోల బరువంత బలం కావాలి. మెడపట్టీకి గొలుసు కడితే ఆ బలమంతా గొంతు మీదే పడుతుంది. ఛాతీని చుట్టే వెడల్పాటి హార్నెస్ అయితే అదే బలం ఎక్కువ వైశాల్యంలో పంచుకుపోయి, పీడనం తగ్గుతుంది.

హార్నెస్‌ను సీటు బెల్టుకు కలిపే పట్టీ పొట్టిగా ఉండాలి. పొడవుగా ఉంటే, కారు ఆగిపోయాక కూడా కుక్క ముందుకు వెళ్లి ఒక్క కుదుపుతో ఆగాల్సి వస్తుంది. డిక్కీ వైపు బోనులో ఉంచినా సూత్రం ఇదే: బోనును కారుకు గట్టిగా బిగించాలి. లేదంటే బోనే ఎగిరిపడుతుంది.

మన సీటు బెల్టు పెట్టుకునే ముందు, దాని పట్టీని కూడా ఒకసారి చూడండి.