పూచీ ఎవరిది?

మన తాతముత్తాతలు తన్లిన్‌కు ఎలా వచ్చారో ఇంట్లో పెద్దలను ఎప్పుడైనా అడిగారా? ఆ రోజుల్లో ఈ ఊరిని సిరియం అనేవారు. రంగూన్‌ను మనవాళ్లు రంగం అనేవారు. తీరాంధ్రలోని పల్లెలకు మేస్త్రీలు వచ్చి, రంగంలో బియ్యం మిల్లుల్లోను, రేవులోను పని ఉన్నదనీ, కూలి బాగా దొరుకుతుందనీ చెప్పేవారు. కొంత సొమ్ము ముందుగా చేతిలో పెట్టేవారు. ఆ మాట నమ్మి వేలాది మంది ఓడ ఎక్కారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరును బట్టి ఇక్కడివారు మనవాళ్లను కోరంగీలు అన్నారు. కొందరు సిరియంలోని నూనె శుద్ధి కర్మాగారంలో పనికి కుదిరారు.

మేస్త్రీ చెప్పిన మాట కూడా ఒక ప్రకటనే. అందులో నిజం కొంత, అతిశయోక్తి కొంత. ముందుగా తీసుకున్న అప్పు తీరక అవస్థపడినవారు ఉన్నారు. అయినా మేస్త్రీకి ఒక ఊరు, ఒక పేరు ఉండేవి. “నీవు చెప్పిన కూలి ఏదయ్యా?” అని నిలదీయడానికి ఒక మనిషి ఎదుట ఉండేవాడు. అడిగిన ప్రతిసారీ న్యాయం జరిగిందని కాదు. కాని, ఎవరిని అడగాలో తెలిసేది.

ఈ రోజుల్లో టెలివిజన్ ప్రకటనలను కృత్రిమ మేధ చేయగలదని అంటున్నారు. మనుషుల సాయం లేకుండా, చూసేవారు నమ్మేటట్లు, అది తనంతట తానే చేయగలదా? ఈ పాఠంలో విచారిద్దాం.

ప్రకటనకు కావలసినవి

ప్రకటన అంటే ఒక వస్తువును గురించి నలుగురికీ తెలియజేసి, దానిని కొనాలనే కోరిక పుట్టించడం. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆయన సంగీత సభల్లో దానిని ఉచితంగా పంచిపెట్టేవారు. రాసుకున్నవారికి తలనొప్పి తగ్గితే, వారే మరి నలుగురికి చెప్పేవారు. అక్కడ నమ్మకానికి మూలం బొమ్మ కాదు, పాట కాదు, అనుభవం.

టెలివిజన్‌లో వాసన తెలియదు, రుచి తెలియదు. భారతదేశంలో దూరదర్శన్ 1976లో వ్యాపార ప్రకటనలను అనుమతించింది. బర్మాలో టెలివిజన్ 1980లో వచ్చింది. తెర మీద నమ్మకం పుట్టించవలసినవి దృశ్యం, మాట, సంగీతం మాత్రమే. అందుచేత ఒక ప్రకటన తయారీలో ఎన్నో మెట్లు ఉంటాయి: ఏ వస్తువు, ఎవరి కోసం అని నిర్ణయించడం; ఒక ఊహ చేయడం; మాటలు రాయడం; చిత్రీకరించడం; గొంతు, సంగీతం చేర్చడం; అనవసరమైన భాగాలు కత్తిరించడం; చివరకు “ఇది నిజమే, ప్రసారం చేయండి” అని ఒప్పుకోవడం. వీటిలో యంత్రం ఏవి చేస్తున్నదో చూద్దాం.

యంత్రం నేర్చే తీరు

కృత్రిమ మేధకు మనుషులు రాసిన రాతలు, తీసిన చిత్రాలు లెక్కలేనన్ని చూపుతారు. ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో, ఏ వస్తువు ఎలా కనిపిస్తుందో అది గణితం ద్వారా పట్టుకుంటుంది. బొమ్మను తయారుచేయమన్నప్పుడు చాలా యంత్రాలు ఇసుక చల్లినట్లున్న చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, మనం చెప్పిన మాటలకు తగిన రూపం వచ్చేదాకా కొంచెం కొంచెంగా సవరిస్తాయి. అంటే, యంత్రం మామిడికాయను చూడదు. మామిడికాయ బొమ్మల పోలికను మాత్రమే ఎరుగును.

కొన్ని నిజమైన ఉదాహరణలు

2016లో జపాన్‌లో ఒక పోటీ జరిగింది. నోటికి తాజాదనం ఇచ్చే బిళ్లల కోసం ఒక ప్రకటనకు మనిషి, మరొక ప్రకటనకు యంత్రం ఊహ అందించాయి. రెండింటినీ చిత్రీకరించినవారు మనుషులే. ప్రజల ఓట్లలో మనిషి ప్రకటనకు నూటికి 54, యంత్రం ప్రకటనకు 46 వచ్చాయి. మనిషి గెలిచాడు, కాని పెద్ద తేడాతో కాదు.

2018లో లెక్సస్ కారు ప్రకటనకు యంత్రం కథ రాసింది. దానికి దర్శకత్వం వహించినవాడు కెవిన్ మెక్‌డొనాల్డ్ అనే ప్రసిద్ధ దర్శకుడు.

2024లో కోకాకోలా కంపెనీ క్రిస్మస్ ప్రకటనను కృత్రిమ మేధతో తయారుచేయించింది. దీపాలు వెలిగే లారీలు మంచులో సాగిపోయే ఆ ఊహ కొత్తది కాదు. 1995లో మనుషులు చేసిన ప్రకటనదే. కొత్త ప్రకటనలో జీవం లేదని చిత్రకారులు అనేకమంది విమర్శించారు. అయితే సామాన్య ప్రేక్షకులకు చూపి పరీక్షించినప్పుడు దానికి మంచి మార్కులే వచ్చాయి. కనుక, యంత్రం బొమ్మలు ఎవరినీ ఆకట్టుకోలేవని మనం అనరాదు.

2025 జూన్‌లో అమెరికాలో బాస్కెట్‌బాల్ ఫైనల్ పోటీల సమయంలో కాల్షీ అనే సంస్థ ప్రకటన ఒకటి ప్రసారమైంది. అందులోని దృశ్యాలన్నీ యంత్రం తయారుచేసినవే. ఖర్చు సుమారు 2,000 డాలర్లు. పట్టిన కాలం రెండు మూడు రోజులు. పెద్ద ప్రకటనకు లక్షల డాలర్లు ఖర్చయ్యే దేశంలో ఇది ఆశ్చర్యమే. కాని దానిని చేసిన దర్శకుడు చెప్పిన సంగతి గమనించండి: యంత్రంతో 300 నుంచి 400 సార్లు దృశ్యాలు చేయిస్తే, పనికివచ్చినవి 15. మిగిలినవాటిని పారవేసిన కన్ను మనిషిది.

ఈ ఉదాహరణలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మెట్లలో చాలావాటిని యంత్రం ఎక్కగలిగింది. మొదటి మెట్టు మీద, చివరి మెట్టు మీద మాత్రం మనిషి నిలబడి ఉన్నాడు.

మన ఊరి ఆవకాయ

ఇప్పుడు మన బజారు సంగతి ఊహిద్దాం. తన్లిన్‌లో ఒక అత్త ఆవకాయ పెట్టి అమ్ముతున్నది. ఆమె దగ్గర ప్రకటనకు డబ్బు లేదు. మనవడు ఫోనులో యంత్రానికి నాలుగు మాటలు చెప్పాడు. కొద్దిసేపటిలో ఎర్రని జాడీ, పొగలు కక్కే అన్నం, నవ్వుతున్న కుటుంబం తెర మీదికి వచ్చాయి. ఇది చిన్న వ్యాపారులకు మేలే. కాదనలేము.

అయితే దగ్గరగా చూస్తే లోపాలు కనబడతాయి. జాడీ మీది తెలుగు అక్షరాల్లో ఒత్తులు తారుమారైనాయి. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు ఎంత ఉన్నదో తెలుగు, బర్మా భాషలు అంత లేవు. యంత్రానికి మన లిపి అలవాటు తక్కువ. అన్నం తినే ఇల్లాలి బుగ్గన తనఖా పూత లేదు. ఇవి దిద్దుకోదగిన తప్పులే. రేపటి యంత్రం వీటిని చేయకపోవచ్చు.

అసలు తప్పు మరొకటి. “నూరేళ్ల రుచి, స్వచ్ఛమైన నువ్వులనూనె” అని యంత్రం ఇంపైన గొంతుతో పలికింది. అత్త ఈ వ్యాపారం మొదలుపెట్టి మూడేళ్లే అయింది. ఆమె వాడేది వేరుశనగ నూనె. యంత్రం అబద్ధం చెప్పాలనుకోలేదు. ఆవకాయ ప్రకటనల్లో సాధారణంగా వచ్చే మాటలను అల్లింది. కాని వేరుశనగ పడని పిల్లవాడు ఆ మాట నమ్మి తింటే ప్రాణం మీదికి రావచ్చు. ప్రకటన ఎంత నమ్మకంగా ఉంటే అపాయం అంత ఎక్కువ.

అత్త అది విని, “ఆ మాట తీసెయ్యరా. నేను పెట్టింది శనగనూనెతో” అన్నది. ఆమె అన్న ఆ ఒక్క మాటతో ప్రకటన పూర్తి అయింది.

ముఖం అరువు తెస్తే

2021లో దీపావళికి క్యాడ్‌బరీ కంపెనీ ఒక ప్రకటన చేసింది. యంత్రం సాయంతో నటుడు షారుఖ్ ఖాన్ ముఖం, గొంతు మలచి, ఆయన చిన్న చిన్న దుకాణాల పేర్లు పలుకుతున్నట్లు చూపారు. ఆయన అనుమతితో జరిగిన పని కనుక అందరూ మెచ్చుకున్నారు. 2024 జనవరిలో క్రికెట్ ఆటగాడు సచిన్ టెండూల్కర్ ఒక ఆట యాప్‌ను మెచ్చుకుంటున్నట్లు ఒక దృశ్యం ప్రచారమైంది. అది బూటకమని ఆయనే ప్రకటించవలసి వచ్చింది. పనితనం రెండింటిలోను ఒకటే. తేడా అనుమతిలో ఉన్నది, పూచీలో ఉన్నది.

కాబట్టి మన ప్రశ్నకు జవాబు ఇది. కంటికి నిజమనిపించే ప్రకటనను యంత్రం చేయగలదు. రాను రాను ఇంకా బాగా చేస్తుంది. అయితే ఆ వస్తువును అది రుచి చూడలేదు, అమ్మిన మాటకు నిలబడలేదు, తప్పు జరిగితే సిగ్గుపడలేదు. బొమ్మను యంత్రం ఇవ్వగలదు. మాటకు పూచీ మనిషే పడాలి. తెర మీద ఏ ప్రకటన చూసినా, మన తాతలు మేస్త్రీని అడిగినట్లే అడగండి: “ఈ మాట అన్నది ఎవరు? తేడా వస్తే ఎవరిని అడగాలి?”

పదాలు – అర్థాలు

పూచీ : జవాబుదారీతనం, హామీ
అతిశయోక్తి : ఉన్నదానికంటె ఎక్కువ చేసి చెప్పడం
నిలదీయడం : ఆపి గట్టిగా అడగడం
బూటకం : మోసం, కల్పన

ప్రశ్నలు

1. మేస్త్రీ మాటను రచయిత ప్రకటన అని ఎందుకు అన్నారు?
2. కాల్షీ ప్రకటనలో యంత్రం చేసిన పని ఏది? మనిషి చేసిన పని ఏది?
3. అత్త దిద్దిన తప్పు ఏమిటి? దానిని దిద్దకపోతే ఏమి జరిగేది?

చేయండి

మీ ఇంటి దగ్గరి దుకాణంలో అమ్మే ఒక వస్తువుకు అయిదు వాక్యాల్లో ప్రకటన రాయండి. దుకాణదారుకు చదివి వినిపించి, నిజం కాని మాట ఉంటే కొట్టివేయండి.