క్లచ్ వైరుకు కాస్త లూజు వుండాలి

మన కాలేజీ సైకిల్ స్టాండు పేరుకే సైకిల్ స్టాండు. సైకిళ్ళు వెతికితేగాని కనబడవు. స్ప్లెండర్లు, పల్సర్లు, బుల్లెట్లు, నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన యమహా ఆర్.ఎక్స్.100 ఒకటో రెండో - ఇవే బారులు తీరి వుంటాయి. గేర్లు లేని స్కూటర్లవాళ్ళకూ, బ్యాటరీ బళ్ళవాళ్ళకూ ఈ వ్యాసంతో పని లేదు. మిగతా మిత్రుల్లో చాలామంది క్లాసులో క్లచ్ లెక్క చెయ్యగలవాళ్ళే. ప్లేట్లు ఇన్ని, స్ప్రింగుల బలం ఇంత, ఘర్షణ గుణకం ఇంత, అయితే ఆ క్లచ్ మొయ్యగల టార్కు ఎంత? అంటే రెండు నిమిషాల్లో జవాబు తెస్తారు. అదే క్లచ్‌ను కదిలించే వైరు తెగితే మాత్రం బండిని తోసుకుంటూ మెకానిక్కు దగ్గరకు పోతారు. లెక్కకూ, వైరుకూ మధ్య అంత దూరం లేదని చెప్పటమే ఇక్కడ నా ఉద్దేశం.

వైరు ఖాళీ రోడ్డు మీద తెగటం అరుదు. క్లచ్ మాటిమాటికీ నొక్కేచోటే తెగుతుంది. సికింద్రాబాదులో అంటే ప్యాట్నీ దగ్గరో, క్లాక్ టవర్ దగ్గరో, స్టేషను ముందర బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడే చోటో అన్నమాట. సిగ్నలు దగ్గర మొదటి గేరు వేసి, క్లచ్ పట్టుకుని నిలబడ్డప్పుడు వైరు తెగిందంటే బండి ఒక్క దూకు దూకుతుంది. అప్పుడు మన ముందు బస్సు వెనకభాగం వుందా, రోడ్డు దాటుతున్న ముసలమ్మ వుందా అన్నది మన చేతిలో లేదు. అందుకని సిగ్నలు దగ్గర న్యూట్రల్‌లో నిలబడే అలవాటు మంచిది. వైరుకూ మంచిది, ముసలమ్మకూ మంచిది.

అయితే వైరు చెప్పకుండా తెగదు. అది ఒంటి తీగ కాదు, సన్నని ఉక్కు పోగులను పేనిన తాడు. ఒక్కొక్క పోగే పోతుంది. ఎక్కడ పోతుందో కూడా ముందే తెలుసు. లివర్లో కూర్చునే కొసన ఒక చిన్న లోహపు ముద్ద వుంటుంది, దాన్ని నిప్పల్ అంటారు. లివరు నొక్కినప్పుడల్లా ఈ నిప్పల్ తన గుంటలో కొద్దిగా తిరగాలి. గ్రీజు ఎండిపోయి, దుమ్ము పట్టి అది తిరగటం మానేసిందనుకోండి. తిరగవలసిన నిప్పల్ తిరగదు కాబట్టి దాని మొదట్లో వైరు వంగుతుంది, మళ్ళీ నిటారవుతుంది. ఇనపతీగను చేత్తో అటూ ఇటూ వంచి తుంచుతామే, అదే పని రోజుకు కొన్ని వందలసార్లు జరుగుతుందన్నమాట. నెలకొకసారి అక్కడ వేలికొసంత గ్రీజు పెడితే వైరు ఆయుష్షు ఎంత పెరుగుతుందో చూసినవాళ్ళకే తెలుసు. లివరు బరువెక్కటం, నొక్కుతుంటే లోపల ఇసక వున్నట్టు గరగరలాడటం, ఇవాళ సరిచేసిన లూజు రెండ్రోజుల్లో మళ్ళీ పెరగటం, నిప్పల్ దగ్గర ఒక పోగు లేచి వేలికి గుచ్చుకోవటం - వీటిలో చివరిది కనబడ్డాక ఇక వాయిదా వెయ్యకూడదు.

ఇప్పుడు ఆ వైరు పనిచేసే తీరు చూద్దాం. మామూలు తాడుతో ఒక వస్తువును లాగాలంటే తాడు తిన్నగా వుండాలి, లేకపోతే ప్రతి మలుపులోనూ ఒక కప్పీ కావాలి. హ్యాండిల్ అటూ ఇటూ తిరిగే బండిలో అది కుదరని పని. లోపల వైరు, బైట ఉక్కుతీగను దగ్గరగా చుట్టి చేసిన గొట్టంలాంటి తొడుగు - ఈ ఏర్పాటుకు 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నవాడు ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్. అందుకే దాన్ని బౌడెన్ కేబుల్ అంటారు. ఇందులో తమాషా అంతా తొడుగులోనే వుంది. లోపలి వైరు ఎంత బలంతో లాగబడుతుందో, బైటి తొడుగు అంత బలంతోనూ నొక్కుకుంటుంది. వైరు లాగగలగటానికి కారణం తొడుగు కుంచించుకుపోకుండా నిలబడటమే. మనం అడ్జస్టరు తిప్పినప్పుడు వైరును బిగిస్తున్నామనుకుంటాం. నిజానికి వైరు పొడుగు అంతే వుంటుంది. అడ్జస్టరు బైటికి వచ్చినకొద్దీ తొడుగు దారి పొడుగవుతుంది, దానితో లోపలి వైరు చాలక లూజు తగ్గుతుంది. ఈ ఒక్క మాట పట్టుబడితే మిగతా పని అంతా పుస్తకం లేకుండా చెయ్యవచ్చు.

ఇక అసలు విషయం, లూజు. లివరును వేలితో మెల్లగా లాగితే, క్లచ్ మీద భారం తగిలేలోపల అది కొంతదూరం ఊరికే కదలాలి. 100 నుంచి 150 సి.సి. బళ్ళలో చాలావాటికి లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల కదలిక చెబుతారు. మీ బండితో వచ్చిన పుస్తకంలోని అంకె మీకు ప్రమాణం. స్కేలు లేకపోతే లివరు మొదట్లో, బ్రాకెట్టుకూ లివరుకూ మధ్య, రెండు రూపాయిబిళ్ళల మందం సందు చూసుకుంటే సుమారుగా సరిపోతుంది. చాలామందికి ఈ లూజు కంటగింపు. అదేదో లోపమనుకుని, లివరు ముట్టుకోగానే పట్టేటట్టు బిగించేస్తారు. పాపం, చెయ్యికి హాయిగానే వుంటుంది.

క్లాసులో చేసిన లెక్కకు ఇక్కడ మళ్ళీ రండి. టార్కు ఘర్షణ గుణకాన్ని బట్టీ, ప్లేట్ల సంఖ్యను బట్టీ, సగటు వ్యాసార్ధాన్ని బట్టీ, ప్లేట్లను నొక్కే బలాన్ని బట్టీ వుంటుంది. పరీక్షలో ఆ నొక్కే బలాన్ని పేపరు సెట్ చేసినవారు ఇస్తారు. బండిలో స్ప్రింగులు ఇస్తాయి. లూజు లేకుండా బిగించిన వైరు, మనం లివరు ముట్టుకోకపోయినా, ఆ స్ప్రింగుల బలంలో కొంత తన మీద వేసుకుంటుంది. ఎంత వేసుకుంటే అంత మేరకు క్లచ్ మొయ్యగల టార్కు పడిపోతుంది. అడిక్‌మెట్ వంతెన ఎక్కుతూ ఇద్దరు కూర్చున్న బండికి యాక్సిలేటరు ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. ప్లేట్లు జారుతూ రాసుకుని, వేడెక్కి, మాడిన వాసన వస్తుంది. వైరు వెల ఒక పూట బిర్యానీకి మించదు. ప్లేట్ల సెట్టూ, విప్పే కూలీ కలిస్తే నెల మెస్సు బిల్లు గుర్తుకొస్తుంది. లూజు మరీ ఎక్కువైతే దీనికి వ్యతిరేకం: లివరు పూర్తిగా నొక్కినా ప్లేట్లు విడవవు, గేరు పడేటప్పుడు టక్కుమంటుంది, న్యూట్రల్ దొరకదు.

ఇందులో ఒక మెలిక వుంది. వైరు సాగితే లూజు పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే మాత్రం మామూలుగా లూజు తగ్గుతుంది. కనుక మీరు చెయ్యి పెట్టకుండానే లూజు దానంతటదే తగ్గిపోతూ వుంటే సంతోషించకండి, ప్లేట్ల సంగతి చూడండి.

వైరు కొనటానికి రాణీగంజ్ వెళ్ళండి. స్పేరు పార్టుల దుకాణాలకు జంటనగరాల్లో పేరున్న చోటు. వెళ్ళేటప్పుడు పాత వైరు వెంట తీసుకెళ్ళి, కౌంటరు మీద రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొత్తం పొడుగు ఒకటే వుంటే చాలదు. తొడుగు దాటి బైటికి వచ్చిన వైరు ఎంతో అది కూడా కలవాలి. నిప్పల్ ఆకారం, తొడుగు కొసన వుండే టోపీ సైజు కలవాలి. బండి పేరు చెప్పగానే షాపువాడు తీసిచ్చిందే సరైనదని నమ్మనక్కరలేదు. పనిముట్లకు మన వూరి మెకానిక్కులు పానా, పేచ్‌కస్, పక్కడ్ అంటారు. మూడూ కావాలి, నాలుగోది ఏదీ అక్కర్లేదు.

పాతది విప్పేముందు అది ఏ దారిన పోయిందో ఫోనులో ఫొటో తీసుకోండి. పైనా కిందా అడ్జస్టర్లు రెండూ పూర్తిగా లోపలికి తిప్పితే వైరు వదులవుతుంది. పైన లివరు, అడ్జస్టరు, దాని నట్టు - మూడింటికీ చీలికలుంటాయి. ఆ చీలికలు ఒకే వరసలోకి తెస్తే వైరు జారి బైటికి వస్తుంది, నిప్పల్ కిందికి దిగుతుంది. కింద ఇంజను దగ్గర చెయ్యి లాంటి కడ్డీ నుంచి రెండో కొస తప్పించాలి. ఇప్పుడు పాత వైరు పైకొసకు ఒక పురికొస కట్టి, కిందినుంచి లాగండి. పురికొస ఆ దారిలోకి వస్తుంది. దాని కింది కొసకు కొత్త వైరు పైకొస కట్టి పైకి లాగితే, ట్యాంకు కింద తడుముకునే బాధ లేదు.

కొత్తది ఎక్కించేముందు నూనె పట్టించాలి. పాలిథిన్ సంచీ మూల కత్తిరించి వైరు కొసకు రబ్బరుబ్యాండుతో గట్టిగా కట్టి, అందులో రెండు చెంచాల ఇంజన్ ఆయిలు పోసి మేకుకు వేలాడదీస్తే తెల్లారేసరికి కింది కొసన చుక్క కనబడుతుంది. లోపల టెఫ్లాన్ పూత వున్న వైర్లకు ఈ శ్రమ వద్దు. చిక్కటి గ్రీజు అసలే వద్దు. తొడుగు సిలిండరుకు ఆనకూడదు, ఎక్కడా మడత పడకూడదు. బిగించాక హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూడండి. లూజు రెండు వైపులా ఒకేలా వుండాలి. ఒకవైపు తగ్గిందంటే తొడుగు ఎక్కడో లాగుకుంటోంది.

సరిచెయ్యటం ఎప్పుడూ కిందినుంచి మొదలుపెట్టాలి. పై అడ్జస్టరును ఒకటి రెండు మరలు మాత్రమే బైట వుంచి, కింది నట్లతో ఇంచుమించు లూజు తెచ్చి బిగించెయ్యండి. మిగిలిన కొద్దిపాటి తేడా పైన సరిచేసుకోవచ్చు. పై అడ్జస్టరుకు మరలు మిగిలివుంటే, రోడ్డు మీద అవసరమొచ్చినప్పుడు పానా లేకుండా చేత్తోనే తిప్పుకోవచ్చు. కుడికాలి గేరున్న పాత బుల్లెట్లలో గేర్‌బాక్స్ పక్క చిన్న మూత కింద ఇంకొక మర వుంటుంది. ముందు దాన్ని చూసుకోకుండా పైన ఎంత తిప్పినా లాభం వుండదు. ఇంజను చల్లగా వున్నప్పుడు ఈ పని చేసి, తార్నాకదాకా ఒక చుట్టు వెళ్ళివచ్చి మళ్ళీ ఒకసారి చూడటం మంచిది.

దారిలో తెగితే? రద్దీలో అయితే దిగి తోసుకోవటమే సరైన పని, అందులో నామోషీ లేదు. రాత్రి పదింటికి తిరుమలగిరి వైపు ఖాళీ రోడ్డయితే, న్యూట్రల్‌లో ఇంజను స్టార్టు చేసి, బండిని నడిపిస్తూ ఎక్కి మొదటి గేరు వెయ్యవచ్చు. ఒక కుదుపు వస్తుంది, అంతే. తర్వాత యాక్సిలేటరు ఒక్క క్షణం వదిలి కాలితో గేరు మార్చితే పడుతుంది. ఆగేముందే న్యూట్రల్ వెతుక్కోవాలి, దొరక్కపోతే బ్రేకుతో ఇంజను ఆగిపోనివ్వాలి. మైసూరులో 1973 నుంచి తయారైన యెజ్డీల వాళ్ళకు ఈ చింత తక్కువ. గేరు కడ్డీని కాలితో తొక్కితేనే లోపల క్లచ్ విడేటట్టు దాన్ని చేశారు. మిగతా బళ్ళవాళ్ళలో దూరప్రయాణాలు చేసే పాతకాపులు ఒక ఉపాయం చేస్తారు: కొత్త వైరు ఒకటి, నూనె పట్టించి, కొసలకు టేపు చుట్టి, పాతదాని పక్కనే అదే దారిలో కట్టి వుంచుతారు. అది తెగిన రోజున ట్యాంకు కింద చెయ్యి పెట్టే పనే లేకుండా రెండు కొసలూ తగిలించుకుని, పది నిమిషాల్లో బయల్దేరతారు.