కాగితం మడతలో మూడో వంతు

పాత క్యాలెండరు నుంచి ఒక కాగితం చించి తీసుకోండి. దానిని సరిగ్గా రెండు సమభాగాలుగా మడవమంటే మీకు క్షణం పట్టదు. అంచుకు అంచు కలిపి వేలితో ఒత్తితే చాలు. నాలుగు భాగాలు, ఎనిమిది భాగాలు చేయడమూ అంతే సులువు. మరి సరిగ్గా మూడు భాగాలు? స్కేలు ముట్టుకోకుండా మడవండి చూద్దాం!

ఈ చిక్కు మాకు ఒక వేసవి శిబిరంలో ఎదురయింది. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యేచోట ఉంది మా హైస్కూలు. ఆ శిబిరం ఎలా పుట్టిందో ముందు చెబుతాను.

జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ 2014లో 'సకురా సైన్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. సకురా అంటే వాళ్ళ చెర్రీ పువ్వు. వివిధ దేశాల విద్యార్థులు కొన్ని రోజులు జపాన్‌లో ఉండి ప్రయోగశాలలు చూస్తారు, శాస్త్రవేత్తలతో మాట్లాడతారు, ఆ దేశపు ఆచారాలు తెలుసుకుంటారు. మన దేశం నుంచి 'ఇన్‌స్పైర్ మానక్' పోటీలో జాతీయ స్థాయిలో నెగ్గిన పిల్లలు ఈ కార్యక్రమం కింద వెళ్ళారు. మానక్‌కు పంపవలసింది మీ సొంత ఆలోచన. అది ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తారు. ఈ సంగతి చెప్పగానే మా తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుకున్నారు: "సార్, అక్కడి శిబిరాల్లో ఏం నేర్పుతారు? మనకూ నేర్పండి."

ఇటువంటి శిబిరాలను ఈమధ్య 'స్టీమ్' శిబిరాలంటున్నారు. స్టీమ్ అనగానే ఆవిరి యంత్రం అనుకోకండి. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, ఆర్ట్స్, మ్యాథమెటిక్స్ అనే అయిదు మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలను కూర్చిన పేరది. అందులో ఆర్ట్స్, అనగా కళలు, తరువాత వచ్చి చేరిన అక్షరం. చాలాచోట్ల దానిని కూరలో కరివేపాకులా చూస్తారని నా అనుమానం. కాని జపానువారి కాగితపు మడత కళలో కళ ఎక్కడ ఆగిందో, గణితం ఎక్కడ మొదలయిందో గీత గీసి చూపడం కష్టం. పైగా దానికి కావలసింది కాగితం ఒక్కటే. అందుకే ఓరిగామితో మొదలుపెట్టాం.

జపాను భాషలో 'ఒరి' అంటే మడత, 'కామి' అంటే కాగితం. రెండూ కలిస్తే 'ఒరికామి' కావాలి గదా, 'ఓరిగామి' ఎందుకయింది? మీ తెలుగు వ్యాకరణం గుర్తు తెచ్చుకోండి. కూర, కాయ కలిసి కూరగాయ కాలేదూ? మన గసడదవాదేశం లాంటి మార్పే ఆ భాషలోనూ ఉందన్నమాట. ఈ మడతల గురించి జపానులో 1797 నాటికే పుస్తకం అచ్చయింది. ఒకే కాగితం నుంచి ఒకదానికొకటి అతుక్కుని ఉండే కొంగలను చేసే పద్ధతులు అందులో ఉన్నాయి.

మే నెల అది. మాకు అదే తునికాకు కాలం. మా పిల్లల్లో కొందరు తెల్లవారకముందే పెద్దవాళ్ళతో అడవికి పోయి ఆకు కోసుకు వచ్చేవారు. అందుచేత శిబిరం పదకొండు గంటలకు. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోయేవి, ఆపితే చేతుల చెమటకు తడిసిపోయేవి. తడిసిన కాగితాలు మెల్లగా చుట్టుకుపోవడం చూసి పిల్లలు విసుక్కున్నారు. నాకు మాత్రం మంచి పాఠం దొరికింది.

మీరూ చేసి చూడండి. చిన్న కాగితపు ముక్కను ఒక పక్క మాత్రమే తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఎటు పడితే అటు కాదు, దాదాపు ఎప్పుడూ ఒకే దిశలో. కారణం దాని పుట్టుకలో ఉంది. ఖమ్మం నుంచి వెళ్ళే బస్సు గోదావరి వంతెన ఎక్కేముందు సారపాక వస్తుంది. అక్కడ ఐటీసీ వారి భద్రాచలం కాగితపు మిల్లు ఉంది. మా చుట్టుపక్కల రైతులు పెంచే జామాయిల్, సుబాబుల్ కర్ర ఇటువంటి మిల్లులలోనే గుజ్జవుతుంది. చాలా నీళ్ళలో కొద్దిగా గుజ్జు కలిపి, వేగంగా కదిలే జల్లెడ మీద పోస్తారు. వరద గోదావరిలో కొట్టుకొచ్చే దుంగలను చూశారా? ఎక్కువ దుంగలు ప్రవాహం వెంటే తిరిగి ఉంటాయి. అలాగే కర్రపోగులు కూడా యంత్రం నడిచే దిశలో ఎక్కువగా పరుచుకుంటాయి. పోగు తడిస్తే లావెక్కుతుంది గాని, పొడవు పెద్దగా పెరగదు. కాబట్టి తడిసిన పక్క పోగులకు అడ్డంగా సాగుతుంది, కాగితం చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిశలో ఉందో, పోగులు పరుచుకున్న దిశ అదే.

మందపాటి క్యాలెండరు కాగితాన్ని పోగుల వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే గరుకుగా వచ్చి, రంగు పగులుతుంది. జపానువారి చేతి కాగితం 'వాషి' వేరు. అందులో ముఖ్యంగా వాడేది కోజో అనే చెట్టు బెరడులోని నార. మన మర్రి, రావి, పనసల కుటుంబంలోదే ఆ చెట్టు. జామాయిల్ పోగు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటే, కోజో పోగు దాదాపు సెంటీమీటరు ఉంటుంది. పనివాళ్ళు జల్లెడను చేతులతో ఊపుతూ ఆ పొడవాటి పోగులను పెనవేస్తారు. ఎన్నిసార్లు మడిచినా చిరగని బలం దానికి అందుకే వచ్చింది. ఈ చేతిపనిని 2014లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇక అసలు చిక్కు. జపానులో పుట్టిన ఒక పటం మడత మా పిల్లలకు చూపాలనుకున్నాను. దానికి ముందు కాగితాన్ని మూడు సమాన పట్టీలు చేయాలి. క్యాలెండరు కాగితం నుంచి కత్తిరించిన మా చతురస్రం భుజం 29.5 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచి గుర్తు పెట్టమన్నాను. ఒకరు 9.8 దగ్గర పెట్టారు, ఇంకొకరు 9.9 దగ్గర. ఇద్దరూ నాదే సరి అన్నారు. వెనుక కూర్చున్న ఒక అమ్మాయి, అడవిలోపలి గూడెం నుంచి వచ్చేది, లేచి అడిగింది: "సార్, మూడో వంతు స్కేలు మీద లేదు. మరి అది కాగితం మీద ఉందా?"

ఎంత చక్కటి ప్రశ్న! 29.5ను 3తో భాగించండి. 9.8333... అంటూ పోతూనే ఉంటుంది. స్కేలు మీద ఆ గీత లేదు. కాని కాగితం మీద ఆ చోటు కచ్చితంగా ఉంది. దానిని మడతతో పట్టుకోవచ్చు.

ఒక చతురస్రాకారపు కాగితం తీసుకోండి. నాలుగు మూలలకు పేర్లు పెన్సిలుతో రాయండి. పైన ఎడమ మూల క, పైన కుడి మూల గ, కింద కుడి మూల చ, కింద ఎడమ మూల జ. పై అంచును సగానికి కలిపి మధ్యలో చిన్న నొక్కు నొక్కండి. అది మ. ఇప్పుడు కింది మూల జ ను పైకి తెచ్చి సరిగ్గా మ మీద పెట్టి మడతను ఒత్తండి. ఎడమ అంచు మీద మడత తగిలినచోటు ప. పైకి వచ్చిన కింది అంచు ఏటవాలుగా పోయి కుడి అంచును దాటుతుంది. దాటినచోటు త. కుడి పక్కన చిన్న ముక్క బయటకు పొడుచుకు వస్తుంది, దానిని పట్టించుకోకండి. త దగ్గర గుర్తు పెట్టి కాగితం విప్పండి. త నుంచి చ వరకు ఉన్న దూరం కుడి అంచులో సరిగ్గా మూడో వంతు!

నా మాట నమ్మకండి. రుజువు చేద్దాం. భుజం 8 అనుకోండి. కమ దాని సగం, అనగా 4. కప పొడవు తెలియదు, య అనుకుందాం. మిగిలిన పజ పొడవు 8 − య. జ మూల మ మీదకు వచ్చింది గనుక పమ పొడవు కూడా 8 − య. క దగ్గర లంబకోణం ఉంది. పైథాగరస్ సూత్రం ప్రకారం,

య² + 16 = (8 − య)² = 64 − 16య + య²

రెండు వైపులా య² పోతుంది. 16య = 48. య = 3. అంటే ఆ త్రిభుజం భుజాలు 3, 4, 5. తాపీమేస్త్రి గోడ మూలకు మట్టం చూడటానికి తాడుతో వేసే త్రిభుజమే అది!

ఇక కుడి పక్క. జ మూల లంబకోణం గనుక పమ, మత రేఖల మధ్య కూడా లంబకోణమే ఉంటుంది. కాబట్టి కమప, గమత త్రిభుజాలు సరూపాలు. ఎందుకో కోణాలు కూడి మీరే చూసుకోండి. అందువల్ల కప ÷ గమ = కమ ÷ గత. అనగా 3/4 = 4/గత. గత = 16/3. ఇది 8లో మూడింట రెండు వంతులు. మిగిలిన తచ మూడో వంతు. కాగితం 29.5 సెంటీమీటర్లదైనా, తునికాకు అంతదైనా లెక్క మారదు. మన చేయి వణికితే మడత అటూ ఇటూ పోవచ్చు. అది చేతి తప్పు, మూడో వంతుది కాదు.

ఈ మడతను కనిపెట్టిన కజువో హగా గణిత ఉపాధ్యాయుడు కాదు. జపానులోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రజ్ఞుడు. 1994లో ఒత్సు నగరంలో జరిగిన ఓరిగామి శాస్త్ర సమావేశంలో ఈ తరహా గణితానికి ఆయన 'ఓరిగామిక్స్' అని పేరు పెట్టాడు. అంతకు వంద సంవత్సరాల ముందే, 1893లో, మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే పుస్తకం ఇంగ్లీషులో అచ్చువేశాడు. చిన్నపిల్లల బడుల్లో కాగితం మడిపించడం చూసి, పెద్ద తరగతులకూ ఇది పనికొస్తుంది గదా అనుకున్నాడాయన. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించగా, 1901లో అది అమెరికాలోనూ వెలువడింది. బి.ఇడి. చదివేనాటికి నాకు ఆ పేరే తెలియదు. జపానువారి కళ వెంట పోతే మద్రాసు తగిలింది!

ఇప్పుడు పటం మడత. కాగితాన్ని మూడు పట్టీలుగా, ఒకటి పైకి ఒకటి కిందికి, విసనకర్రలా మడవండి. మూడు పొరల పొడవాటి పట్టీ వస్తుంది. దానిని పొడవునా అయిదారు మడతలు వేయండి. అయితే తిన్నగా కాదు. మొదటి మడత వేలు మందం పక్కకు ఒరగాలి. రెండోది వెనక్కు తిప్పినప్పుడు మొదటి భాగానికి సమాంతరంగా రావాలి. చివరిదాకా ఇలాగే. ఇప్పుడు మొత్తం విప్పండి. వంకర గీతలు కొన్ని కనిపిస్తాయి. మొదటి వంకర గీతను ఆ చివర నుంచి ఈ చివరదాకా పైకి లేచే కొండ మడత చేయండి. తరువాతి దానిని మొత్తం లోయ మడత చేయండి. మళ్ళీ కొండ, మళ్ళీ లోయ. తిన్నని గీతలు వాటంతటవే కొంత కొండ, కొంత లోయ అవుతాయి. ఓపిక కావాలి. మాకు మొదటి రోజు ఒక్కరికే వచ్చింది, ఆ ఒక్కరు నేను కాదు. మడత కుదిరాక ఎదురెదురు మూలలు రెండు పట్టుకుని లాగండి. మొత్తం కాగితం ఒకేసారి రెండు దిశలలోనూ తెరుచుకుంటుంది. తోస్తే ఒకేసారి మూసుకుంటుంది. మామూలు పటమైతే మడత మీద మడత పడి మూలల్లో చిరుగుతుంది. ఇందులో మూలలు కొంచెం కొంచెం పక్కకు జరిగి ఉంటాయి గనుక ఒకేచోట బరువు పడదు.

దీనిని రూపొందించినవాడు కోర్యో మియురా, అంతరిక్ష ఇంజినీరు. రాకెట్‌లో చోటు తక్కువ, సూర్యకాంతిని పట్టే పలకలు మాత్రం వెడల్పుగా ఉండాలి. మనిషి చేయి అందని చోట, ఒక్క కదలికతో విప్పుకోవాలి. 1995 మార్చిలో జపాను ప్రయోగించిన 'స్పేస్ ఫ్లయర్ యూనిట్' ఉపగ్రహంలో మియురా మడతతో ఉన్న పలకను అంతరిక్షంలో విప్పి పరీక్షించారు. 1996 జనవరిలో అమెరికా వ్యోమనౌక ఎండీవర్ ఆ ఉపగ్రహాన్ని తిరిగి భూమికి తెచ్చింది.

ఇది విన్నాక మా పిల్లలు బయటకు పరుగెత్తి తాటి మొవ్వాకు ఒకటి తెచ్చారు. విప్పుకోని లేతాకు ఎంత వెడల్పు ఆకును ఎంత సన్నని కట్టలో దాచుకుందో చూపించడానికి. అది మియురా మడత కాదు, విసనకర్ర మడత. ఒక దిశలోనే తెరుచుకుంటుంది. తేడా ఏమిటని నేను అడగకముందే, ప్రశ్న వేసిన అమ్మాయి రెండింటినీ పక్కపక్కన పెట్టి తెరిచి చూపించింది.

మూడు పట్టీల పటం మీకు కుదిరితే, అయిదు పట్టీలది ఇంకా అందంగా వస్తుంది. కాని అయిదో వంతు ఎలా పట్టుకోవాలి? జ మూలను పై అంచు మధ్యలో కాక, క నుంచి పావు వంతు దూరంలో పెట్టి మడిచి చూడండి. భుజం 8 అనుకుంటే ఈసారి కమ 2 అవుతుంది. త ఎక్కడ పడింది? 3, 4, 5కు బదులు ఏ త్రిభుజం వచ్చింది? ఆ తరువాత మ ను ముప్పావు వంతు దగ్గర పెట్టి, ముందు లెక్క వేసి, పిమ్మట మడవండి.