పడవకు యూఎస్‌బీ పోర్టు నెన్నుకొను విధము

నిజాంసాగరమును, శ్రీరాంసాగరమును మన సేద్యమునకు నీరిచ్చుటయే గాక చేపల వేటకును ఆధారమైనవి. రాత్రివేళ నడినీట మోటారు పడవ ఆగినచో 112నకు గాని, ఒడ్డునకు గాని కబురు చేయుటకు సెల్‌ఫోనే దిక్కు. దానికి బ్యాటరీ నుండి 5 వోల్టుల విద్యుత్తు నందించునది యూఎస్‌బీ పోర్టు. కొనునప్పుడు ఈ సంగతులను గమనింపవలయును.

మొదటిది: ఇంజను తిరుగునపుడు 12 వోల్టుల బ్యాటరీ వద్ద 14 వోల్టుల వఱకు ఉండును. కావున 12–24 వోల్టులకు తగినదని వ్రాసియున్నదానినే కొనవలయును.

రెండవది: ఐపీ 67 గుర్తు గలది మీటరు లోతు నీట అరగంట తడియక నిలుచును. కాని మూత బిగించియున్నప్పుడే ఈ రక్షణ. ఫోను తగిలించినపుడు మూత తెఱచియుండును గనుక, పోర్టును చాటున, నోరు క్రిందికి వంగునట్లు బిగింపవలయును.

మూడవది: ప్లస్ తీగకు, బ్యాటరీకి జానెడు దూరములోపల ఫ్యూజు ఉండవలయును. అది లేనిచో తీగ ఒరసికొని నిప్పంటుకొనవచ్చును.

నాలుగవది: స్విచ్చి లేని పోర్టు పని లేనపుడును కొంచెము కొంచెముగ బ్యాటరీని త్రాగుచుండును.

ట్రాక్టరునకును ఇదే పద్ధతి. మూత, ఫ్యూజు, స్విచ్చి చూడక, ధరను మాత్రమే చూచి కొనరాదు.