మూడు తాళముల పెట్టె

సంఘముయొక్క లెక్కలను, రిజిస్టరులను భద్రపరచు విచారము నేటిది కాదు. ఇంగ్లండు దేశమున ఎనిమిదవ హెన్రీ రాజు కాలమందు, 1538వ సంవత్సరమున, ప్రతి సంఘమును బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు వ్రాయు పుస్తకమొకటి యుంచి, దానిని రెండు తాళములుగల పెట్టెలో దాచవలయునని యాజ్ఞ వెడలెను. ఒక తాళపుచెవి గురువునొద్ద, రెండవది సంఘపు పెద్దలయొద్ద నుండవలెను. 1603వ సంవత్సరపు సంఘ శాసనములలో ఆ తాళములు మూడైనవి. గురువు నమ్మదగనివాడని దీని భావము కాదు. ఒక్క తాళపుచెవి పరులచేత బడినంతమాత్రమున పెట్టె తెరువబడదు. ఈ యేర్పాటులోని మేలు ఇదియే.

నేడు ఆ పెట్టె కంప్యూటరులోనికి వచ్చినది. సభ్యుల పట్టిక, కానుకల లెక్క, బ్యాంకు ఖాతా, ఉత్తర ప్రత్యుత్తరములు అన్నియు నందే కలవు. అయితే అనేక సంఘములలో దీనికి తాళమొక్కటే, అది పాస్‌వర్డు. అదియు సంఘము పేరును, స్థాపింపబడిన సంవత్సరమును కలిపి చేసినదై యుండును. ఆ సంవత్సరమో, గుడి గోడమీది శిలాఫలకమున దారిన పోవువారికెల్ల కనబడునట్లు చెక్కబడియే యున్నది! పైగా, పాటల కాగితములు అచ్చువేయించు యువకుని మొదలుకొని మైకు సవరించువాని వరకు అందరును దానిని ఎరుగుదురు.

దీనివలన కలుగు కీడు ఎట్టిదో చూడుడు. అమెరికా దేశపు ఒహాయో రాష్ట్రమున, బ్రన్స్‌విక్ పట్టణమందు, సెయింట్ ఆంబ్రోస్ కాథలిక్ దేవాలయము కలదు. 2019లో అక్కడ మరమ్మతులు జరుగుచుండగా, పని చేయించుచున్న కాంట్రాక్టరులు రెండు నెలల సొమ్ము తమకు ముట్టలేదని తెలియజేసిరి. దేవాలయమువారు పంపియే యుండిరి. విచారింపగా, దొంగలు ఇద్దరు ఉద్యోగుల ఈ-మెయిలు ఖాతాలలో ప్రవేశించి, కాంట్రాక్టరుల బ్యాంకు ఖాతా మారినదని నమ్మించి, సొమ్మును తమవైపు మరల్చుకొనిరని తేలెను. పోయినది సుమారు 17 లక్షల 50 వేల డాలర్లు. మన యుత్తరములను చదువుచున్నవాడు ఎవరికి, ఎప్పుడు, ఎంత చెల్లింపవలయునో ఎరిగియుండును. అందుచేతనే వాని యబద్ధము నిజమువలె తోచును.

సొమ్మును మరల చందాలెత్తి కూర్చవచ్చునేమో. కాని ప్రార్థన కోరి గురువునకు వ్రాసిన రోగి సంగతి, అప్పులపాలైన కుటుంబపు సంగతి ఊరివారి నోట బడినచో, దానిని మరలించుట యెవరితరము? మా దృష్టిలో ధనముకన్న ఇదియే ముఖ్యము.

కావున మొదటి తాళమును గట్టిపరుపవలయును. పాస్‌వర్డు పొడవుగా నుండవలెను. సంబంధములేని నాలుగైదు మాటలను కలిపినచో జ్ఞాపకముంచుకొనుట సులభము, ఊహించుట కష్టము. ఊరక నెలనెల మార్చుట యనవసరమని అమెరికా ప్రమాణముల సంస్థయే 2017లో తెలిపెను. బయటపడినదను అనుమానము కలిగినప్పుడు మాత్రము వెంటనే మార్చవలయును. ఒకచోటి పాస్‌వర్డును మరియొకచోట వాడరాదు. ఏదో దుకాణపు జాబితా దొంగలకు దొరకినచో, వారు దానిని వేయి వాకిండ్లయొద్ద ప్రయత్నించి చూతురు.

రెండవ తాళము చేతిలోని ఫోను. ఇందు విద్యార్థులకు వినోదమగు గణితమొకటి కలదు. ఏర్పాటు చేయునాడు ఫోనును, ఖాతాను కాపాడు యంత్రమును ఒక రహస్యసంఖ్యను పంచుకొనును. అటుపిమ్మట ప్రతి 30 సెకండ్లకు, రెండును వేరువేరుగా, ఆ సంఖ్యను గడియారపు వేళతో కలిపి ఒకే లెక్క చేయును. ఇరువురు బాలురు రెండు గదులలో ఒకే గుణకారము చేసినచో ఒకే లబ్ధము వచ్చును గదా! వచ్చిన ఆరంకెలు సరిపోయిననే తలుపు తెరచుకొనును. ఈ పద్ధతి 2011లో ప్రమాణముగా ప్రకటింపబడెను. అంకెలు పుట్టుటకు ఫోనునకు సిగ్నలు సహితము అక్కరలేదు.

సందేశముగా వచ్చు ఓ.టి.పి. ఇంతకంటె బలహీనము, మోసగాండ్రు మన నంబరును వేరొక సిమ్ములోనికి మార్పించుకొనుట కలదు. అయినను ఏమియు లేకుండుటకంటె మేలే. ఏ పద్ధతియైనను, ఫోనులో నడిగినవానికి అంకెలు చదివి చెప్పువానిని రక్షింపజాలదు. ఖాతా మారినదని ఉత్తరము వచ్చినప్పుడు, ఆ యుత్తరములోని నంబరునకు గాక, మనయొద్ద మునుపే యున్న నంబరునకు ఫోను చేసి విచారింపవలయును. చెల్లింపును ఒకరు సిద్ధపరచి మరియొకరు అంగీకరించు నేర్పాటు బ్యాంకులో దొరకినచో దానిని విడువరాదు.

ఇక ఫోను పోయినచో? అందుకొరకు ఇయ్యబడు అత్యవసరపు అంకెలను కాగితముమీద వ్రాసి, కవరులో నంటించి, ఇద్దరు పెద్దల సంతకములతో సంఘపు ఇనుప పెట్టెలో నుంచవలయును. కోశాధికారి మారిన దినముననే పాతవారి ఫోనును తొలగించి క్రొత్తవారి ఫోనును చేర్పవలయును. లేనియెడల ఉద్యోగము మారి దూరపు ఊరికి పోయిన మాజీ కోశాధికారికి, ఆదివారపు కానుకలు జమకట్టునపుడెల్ల, అంకెలకొరకు ఫోను చేయవలసి వచ్చును.